మగ్గం లేని నేత

మొన్న ఫిబ్రవరిలో లూయీ రియెల్ డే సెలవుకి విన్నిపెగ్‌లో ఫెస్టివల్ డు వొయాజర్ చూడ్డానికి వెళ్ళాను. బయట మైనస్ ఇరవై మూడు. (ఈ ఊరొచ్చాక మైనస్ పదంటే "ఇవాళ కాస్త వెచ్చగానే ఉంది" అనే స్థాయికి ఎదిగాన్లెండి.) అక్కడ చాలామంది నడుముకి ఎర్రటి పొడుగాటి ఉన్నిపట్టీ, చివర్లో కుచ్చులు. సాష్ అంటారు. స్టాల్లో నేనూ ఒకటి కొనేసి, మర్నాడు ఆఫీసుకి కట్టుకెళ్ళాను. మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఆవిడ "ఇదేంటో తెలుసా?" అంది. "పండగ బెల్టు" అన్నాను. నేను రాసిన కోడ్‌ని చూసినట్టే నన్నూ చూసింది.

ఆవిడ మేటీ. (మన 'మేటి' కాదు, కానీ ఆవిడకి ఆ అర్థం చెప్తే తెగ సంబరపడింది.) బీవర్ తోళ్ళ వ్యాపారానికొచ్చిన ఫ్రెంచి, స్కాట్లండు మగవాళ్ళకీ, క్రీ, ఒజిబ్వే లాంటి స్థానిక జాతుల ఆడవాళ్ళకీ పుట్టిన సంతానం నుంచి రెడ్ రివర్ ఒడ్డున ఏర్పడ్డ వేరే జాతి వాళ్ళది. వాళ్ళ నాయకుడు రియెల్‌ని 1885 నవంబరు 16న ఉరి తీశారు. 2008 నుంచి మానిటోబాలో ఆయన పేరుమీదే సెలవు! ఆ ఉరి తర్వాత చాలా కుటుంబాలు మేటీలమని బయటికి చెప్పుకోవడం మానేశాయి. ఈవిడ అమ్మమ్మ కూడా చివరిదాకా "మేం ఫ్రెంచివాళ్ళం" అనే చెప్పేదట. సాష్ మాత్రం పెట్టె అడుగున దాచుకుంది.

పడవల్లో సరుకు మోసేవాళ్ళకి అది సోకు కాదు. ఒక్కో మూట నలభై కిలోల పైమాటే, రెండేసి మూటలు వీపుమీద. నడుం పట్టకుండా బిగించి కట్టుకునేవాళ్ళు. అవసరమైతే అదే తాడు, అదే గాయానికి కట్టు, గుర్రానికి కళ్ళెం. బట్ట చిరిగితే కుచ్చులోంచి ఓ దారం లాగి కుట్టుకోవడమే.

ఆవిడే చెప్పింది, అసలైనవి వేళ్ళతో నేస్తారని. నాకు నమ్మకం కలగలేదు. మాది పోచంపల్లి దగ్గర నేతవాళ్ళ ఇల్లు. మగ్గం లేకుండా నేతేంటి? పట్టుదలకి పోయి లైబ్రరీలో నాలుగు శనివారాల క్లాసులో చేరాను. దారాలన్నీ ఒక కర్రకి కట్టి వేలాడదీస్తారు. కుడిచివరి దారం తీసి మిగతావాటికి ఒకటి పైన, ఒకటి కింద చొప్పున దాటించి ఎడమచివరకి తెచ్చి వదిలేస్తే, అది కూడా వాటిలో కలిసిపోతుంది. తర్వాత దాని పక్కది. నాడె లేదు, పన్నె లేదు. బాణం మొనల డిజైనుకైతే మధ్యలోంచి మొదలెట్టి, రంగు మారేచోటల్లా రెండు దారాల్ని మెలేసి వెనక్కి తిప్పాలి. అక్కడే నా బుర్ర హ్యాంగయింది. మంచి సాష్ ఒక్కటికి వందల గంటలు పడుతుంది. యూరప్ ఉన్ని రాకముందే ఇక్కడి జాతులు నార దారాలతో, అడవిదున్న బొచ్చుతో ఇలా నేసేవాళ్ళు. ఒక్లహోమాలో ఓసేజ్ జాతివాళ్ళు ఈనాటికీ నేస్తున్నారు.

వీడియో కాల్‌లో నాయినకి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పడుగే పేకైతుంది గదరా!" అన్నాడు. మగ్గం దిగిన పదకొండేళ్ళకి ఆయన గొంతులో అంత హుషారు విన్నాను.

ఇంత తెలిశాక నేను కొన్నది మిషన్‌మీద నేసిందని అర్థమైంది. వెంటనే నాలోని నేతకారుడు నిద్రలేచాడు (ఒక్క చీర కూడా నేసిన మొహం కాదనుకోండి). లంచ్‌లో ఆవిడతో "ఇది నకిలీది" అని తేల్చేశాను.

"నాదీ మిషన్‌దే. అమ్మమ్మదీ అంతే. నకిలీదా?" అంది.

ఇక అన్నం దిగితే ఒట్టు.

కానీ నా కోపం ఊరికే రాలేదు. క్విబెక్‌లో లాసోంప్సియోఁ అనే ఊళ్ళో ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూచుని తోళ్ళ కంపెనీలకి వీటిని నేసిచ్చేవాళ్ళు, చాలీచాలని కూలికి. 19వ శతాబ్దం చివర్లో హడ్సన్స్ బే కంపెనీ ఇంగ్లండులోని కొవెంట్రీలో మిషన్లమీద అలాంటివే నేయించి అమ్మింది. వేళ్ళనేత దాదాపు ఆగిపోయింది. పోచంపల్లి డిజైన్ని బట్టమీద అచ్చేసి అమ్మే షాపు చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. 1670లో పుట్టిన ఆ కంపెనీ దుకాణాలు 2025లో మూతపడ్డాయి. నేనేమీ బాధపడలేదు.

ఇదంతా నాయినకి ఆవేశంగా చెప్తే, "మిషన్ మీద గంత కోపమెందుకురా? మీ అమ్మ భుజాన్ని అడుగు" అన్నాడు. అమ్మ ఏళ్ళ తరబడి ఆసు పోసింది. చీర చీరకీ వేలసార్లు అదే చెయ్యి అటూ ఇటూ. వాళ్ళమ్మ అవస్థ చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. మా ఇంటికి అది వచ్చేసరికి అమ్మ చెయ్యి పైకి లేవడం మానేసింది. ఆ మిషన్ పదేళ్ళు ముందొస్తే అని ఇప్పటికీ అనుకుంటాం. మరి కొవెంట్రీ మిషన్ ఎవరి భుజం కాపాడింది? లాసోంప్సియోఁ ఆడవాళ్ళకి నొప్పీ పోయింది, కూలీ పోయింది. నాకు ఇక్కడే ముడి తెగట్లేదు.

ఆవిడకి మాత్రం సారీ చెప్పాను. "ముందు నీది పూర్తిచెయ్యి, చూద్దాం" అంది.

నాలుగు శనివారాలూ అయిపోయాయి. తేలింది జానెడు. నిన్న మళ్ళీ కెమెరా ముందు పెడితే నాయిన కళ్ళద్దాలు సర్దుకుని, "అంచు ఒదులైంది బిడ్డా. ఇప్పి మల్ల నెయ్" అన్నాడు.

విప్పుతున్నాను.