మా నాన్న సైకిల్ చైన్

పోయిన ఆదివారం నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చింది. ఎమ్మెస్సీ అయింది. పైచదువుకు బయటి దేశం పోవాలని ఐఈఎల్‌టీఎస్ రాస్తోంది. "స్పీకింగ్ అంటేనే భయం సార్. మీరు ప్రశ్నలడగండి, నేను చెప్తాను" అంది. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాణ్ని ఇంగ్లీషు పరీక్షకు ఎగ్జామినర్‌ని చేసింది.

తెలియని పిల్లల కోసం చెప్తున్నా. ఈ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. ముందు మీ ఊరు, ఇల్లు, అలవాట్ల మీద చిన్న ప్రశ్నలు. తర్వాత ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆఖర్న దాని మీదే చర్చ.

మేం తీసుకున్న టాపిక్ సైకిల్. చిన్నప్పుడు నీకు సైకిల్ ఉండేదా? ఎవరు నేర్పారు? మీ ఊళ్లో సైకిళ్లు బాగా వాడతారా? ఇవీ ప్రశ్నలు.

కోచింగ్ సెంటర్లో ఇచ్చిన జవాబు గడగడా అప్పజెప్పింది. సైకిల్ ఆరోగ్యానికి మంచిది, కాలుష్యం ఉండదు, ఆదివారాలు ఫ్రెండ్స్‌తో పార్కులో తొక్కుతాను. ఇరవై సెకన్లు. ఆ తర్వాత నోరు పెగల్లేదు.

"మీ పల్లెలో పార్కు ఎక్కడుందమ్మా?" అన్నాను. నవ్వేసింది.

"సరే, తెలుగులో చెప్పు."

"తొమ్మిదో తరగతిలో ఆడపిల్లలకి బడిలో సైకిళ్లిచ్చారు సార్. చెరువుకట్ట మీద మా తాత సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవాడు. బడికి ఊళ్లోంచే దారి. పెద్దోళ్ల బజారు రాగానే దిగి నడిపించుకుంటా పోమ్మా అనేవాడు. నేను దిగలేదు. అరుగు మీద కూర్చున్న ఒకాయన ఎవరి మనవరాలివే అని అరిచాడు. తాత పేరు చెప్పి, బెల్లు కొట్టుకుంటా పోయా."

ఐదు నిమిషాలు ఆగకుండా చెప్పింది. ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం తటపటాయించింది. "మార్కులు పోతాయేమో సార్. కులం మాట ఎత్తొద్దు, పాజిటివ్‌గా మాట్లాడండి అన్నారు."

ఆ పరీక్షలో మార్కులు నాలుగింటికి. తడుముకోకుండా, పొందికగా మాట్లాడ్డం, పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. నీ అభిప్రాయానికి మార్కుల్లేవు, నీ బతుక్కి కోతా లేదు. లేని పార్కు గురించి రెండు నిమిషాలు ఎవరు మాట్లాడగలరు?

అప్పుడు నా సైకిల్ కథ కూడా చెప్పాను.

మా నాన్నకి పాత అట్లాస్ సైకిల్ ఉండేది. ముందు కడ్డీకి తువ్వాలు చుట్టి నన్ను కూర్చోబెట్టుకునేవాడు. ఊళ్లో రామాలయం దగ్గరికి రాగానే దిగేవాడు. "ఎందుకు దిగావు నాన్నా?" అంటే "చైన్ పడిందిరా" అనేవాడు. ఆ బజారు దాటాక మళ్లీ ఎక్కేవాడు. ఆ చోట ఏదో ఉంది, అందుకే చైన్లు పడిపోతాయి అనుకునేవాణ్ని నేను. చాలా ఏళ్లు అట్లాగే అనుకున్నాను.

ఆ అమ్మాయి తన కథ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తాత తన కాలంలో ఆ బజార్లో సైకిల్ దిగిన సంగతి వచ్చింది. "హి గాట్ డౌన్" అంది. ఆపాను. "ఆయనంతట ఆయనే దిగాడా?" కాసేపు ఆలోచించి, "దే మేడ్ హిమ్ గెట్ డౌన్" అంది. దిగాడు వేరు, దింపారు వేరు. దిగాడు అంటే దింపినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. నేనూ ఇన్నేళ్లు "నాన్న దిగేవాడు" అనే చెప్పుకొచ్చాను.

చర్చలో ఇంకో ప్రశ్న: సైకిళ్ల వాడకం పెరగాలంటే ప్రభుత్వం ఏం చేయాలి? సైకిళ్లకి ప్రత్యేక దారులు వేయాలి అని మొదలుపెట్టింది. నిజమే. మన దగ్గర ఇంకోటి కూడా చేయాల్సి వచ్చింది. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళితుల్ని, ఆదివాసీల్ని బహిరంగ ప్రదేశాల్లో సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనివ్వకపోవడం, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోనివ్వకపోవడం నేరమని విడిగా రాశారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. అంబేడ్కర్ రాజ్యాంగం వచ్చిన 66 ఏళ్లకి, సైకిల్ పేరు పెట్టి మరీ రాయాల్సి వచ్చింది. ఈ సంగతి ఆ అమ్మాయికి కొత్త. నోట్సులో రాసుకుంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. "ఆ చైన్ నిజంగా ఎప్పుడైనా పడిందా నాన్నా?"

కాసేపు మాట్లాడలేదు. "ఒక్కసారి పడింది. ఆ ఒక్కరోజే దిగడానికి సిగ్గేయలేదు" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంగ్లీషు నేర్చుకోండి. గట్టిగా నేర్చుకోండి. మనకది అవసరం. కానీ ఇంకొకరి సైకిల్ బట్టీ పట్టకండి. ఎవరు నేర్పారు అని అడిగితే వెనకాల పరిగెత్తిన తాత గురించి చెప్పండి. మీ ఊళ్లో సైకిళ్లు తొక్కుతారా అని అడిగితే ఎవరు తొక్కేవాళ్లో, ఎవర్ని దింపేవాళ్లో చెప్పండి. రెండు నిమిషాలు చాలవు మీకు.

వచ్చే వారం ఆ అమ్మాయి పరీక్ష. దిగకుండా పోయి రమ్మన్నాను.

జై భీమ్.