పుంగనూరు దారిలో ఒక చెరువు గట్టు

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లే దారిలో చెరువులు చాలా ఉన్నాయి. కుప్పం ప్రాంతంలో పారే పాలారు వానలు పడితేనే పారుతుంది. అందుకే ఇక్కడ గాలం వేసేవారు చెరువు గట్లనే ఆశ్రయిస్తారు.

పుంగనూరు దాటాక ఒక పల్లెలో ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్ద నన్ను చెరువుకు తీసుకెళ్లాడు. వెదురు గాలం చేతికిచ్చి, వానపామును గుచ్చి, బెండునే చూస్తూ ఉండమన్నాడు. అరగంట మౌనం. ప్రార్థనలో సైతం నేనంత నిమ్మళంగా కూర్చున్నది తక్కువే. బెండు మునిగింది. లాగితే అరచేయంత జిలేబి చేప! చిన్నపిల్లవానిలా కేక వేశాను.

అంతలో తామరాకుల పక్కన ఎర్రని చేపపిల్లల గుంపు, దాని క్రింద పెద్ద కొరమేను కనబడ్డాయి. నేను గాలం అటు విసరబోగా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు అయ్యగారూ, పిల్లల్ని కాచుకోని ఉండాది. అది పోతే వీటిని వేరే చేపలు తినేస్తాయి."

కొరమేనుకు సంతలో మంచి ధర పలుకుతుంది. ఆయన ఇంట ఆ దినం కూరకు ఏమీ లేదు. అయినా విడిచిపెట్టాడు.

పిల్లలతో కూడా తల్లిపక్షిని పట్టుకోవద్దన్న ఆజ్ఞను ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం నుండి నేను ఎన్నోసార్లు చదివి వినిపించాను. చదువురాని ఆయన దానిని చెరువులో నెరవేర్చాడు.

ఆ రాత్రి మూడు జిలేబి చేపల పులుసుకే దేవునికి స్తోత్రం చెల్లించి, అందరం కలిసి భోంచేశాము.