గళ్ళతెర ముందర

పాపికొండలకు పోవు పడవ పేరంటాలపల్లి రేవున నాగినపుడు మేమును దిగితిమి. గట్టుమీద కొండరెడ్డి స్త్రీ యొకతె తానల్లిన వెదురుబుట్టలను పేర్చుకొని కూర్చుండెను. మేము బుట్ట కొనలేదు. ఆమె నడుగకయే చరవాణితో పటము తీసికొంటిమి. ఆమె తలయెత్తి, "బుట్ట ఒద్దా బాబూ? నా మొకమే కావాలా?" అనెను. మాకు బదులు తోచలేదు.

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. 1869లో లండనున లాంప్రే యను నతడు రెండంగుళముల గళ్ళుగా దారములు కట్టిన చట్రము నొకదానిని కల్పించెను. దాని యెదుట మనుష్యుని వివస్త్రునిగా నిలిపి పటము తీసినచో ఏ జాతి దేహమునైనను గళ్ళలెక్కన పోల్చవచ్చునట! మద్రాసు మ్యూజియపు టధికారి ఎడ్గార్ థర్స్‌టన్ దొర మన దేశమున ముక్కులను, తలలను కొలిచి, రంగాచారి సాయమున 1909లో దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి యేడు సంపుటములు ప్రకటించెను. అందలి పటముల క్రింద తెగపేరు కనబడునంతగా మనిషిపేరు కనబడదు.

బెంగుళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల యీ విద్యకే యెదురు తిరిగినది. 2000 మొదలు 2004 వఱకు క్లేర్ ఆర్నీతో గూడి ఆమె చేసిన 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' యను పటముల వరుసలో తానే నీలగిరుల తోడా స్త్రీయై గళ్ళతెర ముందర నిలిచినది. అదే మొగము వేఱొకచో రవివర్మ లక్ష్మి. ఇంకొకచో పోలీసులు పట్టిచూపిన దొంగ. మారినవి తెరయు, నగయు, నిలువబెట్టిన తీరును మాత్రమే. జాతిలక్షణమని మనము నమ్మినదానిలో సగము పటము తీయువాని చేతిపనియే యని యింత సూటిగా చెప్పిన పటములను మేమెఱుగము. అయినను ఒక కొఱత తోచుచున్నది: పుష్పమాల వేషము విప్పి యింటికి పోగలదు, ఆనాటి తోడా స్త్రీకి విప్పుటకు వేషమే లేదు.

దొరలను నిందించుట సులభము. మన డెల్టాలో పెండ్లికూతురి చామనచాయను స్టూడియోలో తెల్లగా దిద్దించి గోడకు వ్రేలాడదీయువారెవరు? దొర ముక్కు కొలిచెను. మనము రంగు కొలుచుచున్నాము.

పోలవరపు జలాశయపు ముంపులో కొండరెడ్ల గ్రామములు కలవు. ఊళ్ళు పోయినపిమ్మట ఇట్టి పటములే మిగులును గాబోలు. మా చరవాణిలోని పటము క్రింద వ్రాయుటకు మాయొద్ద తెగపేరొక్కటే యున్నది. ఆమె పేరడుగవలెనని తోచునప్పటికి పడవ మలుపు దాటినది.