స్టోరుగదిలో విమానం

మా ఇంట్లో విమానం ఉందంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా నేనేమీ అనుకోను లెండి. మూడేళ్ళుగా దాని పక్కనుంచే బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళివస్తున్న మా ఆవిడే ఇంతవరకూ నమ్మలేదు. ఆవిడ దాన్ని "ఆ చెక్కపెట్టె" అంటుంది.

చెక్కపెట్టె అనడంలో పూర్తిగా అబద్ధం లేదు. పాత కారు సీటు ఒకటి, దాని ముందు ప్లైవుడ్ పలక, పలక మీద కంప్యూటరు తెర. విమానం నడిపే ఆటలు కంప్యూటర్లలోకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటివాటిలో మబ్బులూ, గాలివాటూ, రన్‌వే దీపాలూ అన్నీ అసలుకు దగ్గరగా ఉంటాయి. దగ్గరగా లేనిదల్లా చేతికి తగిలేదే. దీపం వెయ్యాలంటే బొమ్మలో కనిపించే స్విచ్చి మీదికి మౌసు బాణాన్ని నడిపించి నొక్కాలి. అద్దంలో కనిపించే లడ్డూని నాకినట్టుంటుంది.

అసలు లడ్డూ రుచి నేనొకసారి చూశాను. అందుకే వచ్చింది ఈ చిక్కంతా.

1987లో ఒక ఫ్లయింగ్ క్లబ్బు షెడ్డులో సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానంలో నన్ను పది నిమిషాలు కూర్చోబెట్టారు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. అక్కడి మెకానిక్కు పెద్దమనిషి "ఇదుగో బాబూ, ఇది మాస్టర్ స్విచ్చి. రెండు భాగాలూ కలిపి పైకి నొక్కు" అన్నాడు. అది నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఒక సగం బ్యాటరీది, రెండో సగం ఆల్టర్నేటరుది. నొక్కాను. వేలికింద అది మొదట బిగుసుకుంది, తరవాత మనసు మార్చుకున్నట్టు ఠక్కున వాలింది. పలక వెనక ఎక్కడో ఒక చక్రం "ఉయ్" మంటూ సన్నగా తిరగడం మొదలుపెట్టింది. విమానం నిద్రలేచింది.

ఆ తరవాత నేను పైలట్‌ను కాలేదు. ఎందుకు కాలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. డబ్బు లేక. అలా అని చెప్పింది నేనే.

సరే, స్విచ్చుల సంగతికి వద్దాం. విదేశాల్లో ఇలాంటి పిచ్చివాళ్ళకోసం తయారుచేసి అమ్మే స్విచ్చి పలక పదివేల పైమాటే. అసలు విమానాలకు వేసే స్విచ్చి ఒక్కటే వేలల్లో ఉంటుంది. మా ఆవిడ నాకు మంజూరు చేసిన మొత్తం రెండువేలు. అది కూడా ప్లైవుడ్‌తో కలిపి.

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళాను. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ సామాను ఏది కావాలన్నా అక్కడికే వెళ్ళాలి. కొట్టువాడు చిన్నా పెద్దా స్విచ్చులు దోసిలి నిండా తీసి గల్లాపెట్టె మీద పోశాడు. ఒక్కొక్కటే తీసి కళ్ళు మూసుకుని నొక్కడం మొదలుపెట్టాను. కాసేపు చూసి, "దేనికి సార్?" అన్నాడు.

"విమానానికి."

"ఏరోప్లేన్ నడుపుతరా మీరు?"

"మా ఇంట్లోనే. స్టోరుగదిలో."

అతను ఇంకేం మాట్లాడకుండా ఎనిమిది స్విచ్చులు పొట్లం కట్టి ఇచ్చాడు. బేరం కూడా ఆడనివ్వలేదు. పది రూపాయలు తగ్గించి తనే పంపించేశాడు.

అవి ఎక్స్‌టెన్షన్ బాక్సులకు వేసే చిన్న స్విచ్చులు. చూపుకు బాగానే ఉన్నాయి. పలకకు చిన్న రంపంతో కంతలు కోసి, ఆకురాయితో అరగదీసి బిగించాక నొక్కితే మాత్రం నీళ్ళలో నానిన మరమరాలు నొక్కినట్టుంది. పైలట్‌కు స్విచ్చి మీద ధ్యాస ఉండదు, ఉండకూడదు కూడా. కళ్ళు బయటా, గడియారాల మీదా ఉంటాయి. పని జరిగిందో లేదో వేలే చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికావారి బి-17 బాంబర్లు క్షేమంగా దిగిన తరవాత నేలమీద కూలబడుతుండేవట. రెక్కల వెనక ఫ్లాపులు ఎత్తే మీటా, చక్రాలు ముడిచే మీటా పక్కపక్కనే ఒకేలా ఉండేవి. అలిసిపోయిన పైలట్ ఒకటనుకుని ఇంకొకటి ఎత్తేవాడు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒకదానికి చిన్న చక్రం బొమ్మా, రెండోదానికి రెక్క ముక్కలాంటి పిడీ తగిలించమన్నాడు. ఈనాటికీ పెద్ద విమానాల్లో చక్రాల మీటకు చక్రమే ఉంటుంది. మా సెస్నా చక్రాలు ముడుచుకునేవి కావు గనక ఆ భయం లేదనుకోండి. కాని సంగతి అదే. చెయ్యి చూడగలిగేలా ఉండాలి.

ఆ బిగువు చివరికి మా ఇంటి గోడమీదే దొరికింది. పాత ఫాను స్విచ్చులు, పియానో స్విచ్చులంటామే, అవి. ఇల్లు రిపేరు చేయించినప్పుడు పీకినవి ఒక గోనెసంచిలో ఉన్నాయి. కొంచెం పెద్దవే గాని నొక్కితే ఆ పాత మెకానిక్కు చెప్పిన మాట వినిపించినంత పనైంది. ఒక్కటే చిక్కు. మన ఇళ్ళలో కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది, సెస్నాలో పైకి నొక్కితే వెలుగుతుంది. అంచేత అన్నిటినీ తలకిందులుగా బిగించాను. ఇప్పుడు మా ఇంట్లో నేనొక్కణ్ణే హాల్లో దీపం వెయ్యబోయి ఆర్పేస్తున్నాను.

తరవాత వచ్చిన బాధలన్నీ ఏకరువు పెట్టను గాని, ఇలాంటి పనికి దిగేవాళ్ళకు పనికొస్తాయని రెండుమూడు చెబుతాను. మొదట నేను ఒక పారేసిన కీబోర్డు లోపలి బోర్డుకు స్విచ్చులు కలిపాను. కంప్యూటరుకు అది మీట నొక్కి వదిలినట్టే తెలుస్తుంది, స్విచ్చి నిలబడి ఉందన్న సంగతి తెలియదు. రెండు రోజుల్లో నా స్విచ్చి పైకీ, తెరమీది స్విచ్చి కిందికీ అయ్యి, అత్తాకోడళ్ళలా ఎదురుబొదురుగా తయారయ్యాయి. లియొనార్డో అనే అరచేతిలో ఇమిడే బోర్డు కొన్నాకగాని ఆ పోట్లాట తీరలేదు. దాన్ని కంప్యూటరు జాయ్‌స్టిక్కుగా గుర్తిస్తుంది, స్విచ్చి ఏ వైపున ఉన్నదీ ఎప్పుడూ దానికి తెలుస్తూనే ఉంటుంది. ఇంకొకటి, ఇంటి స్విచ్చి 230 వోల్టులు మోయడానికి పుట్టింది. లోపలి బిళ్ళల మీద పట్టే చిలుమును ఆ పెద్ద కరెంటు కాల్చేసుకుంటుంది. మన బోర్డు ఇచ్చే 5 వోల్టుల చిటికెడు కరెంటుకు ఆ బలం లేదు. పది రోజులు వాడకపోతే దీపం వెలగదు. విప్పి, బిళ్ళల మధ్య తెల్లకాగితం పెట్టి రెండుసార్లు లాగితే సరి. ఇక స్విచ్చి పడేటప్పుడు లోపలి బిళ్ళ నేలమీద పడ్డ కంచంలా రెండుమూడుసార్లు ఎగిరి గాని నిలవదు. మనకు తెలియదు గాని కంప్యూటరు అన్నీ లెక్కపెడుతుంది. కొద్ది మిల్లీసెకన్లు ఓపికపట్టమని బోర్డుకు మా అమ్మాయి రాసిపెట్టింది.

మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. తీగలు అతికే పనికి ఆదివారాలు నాకు సాయం. నిజానికి నేనే ఆమెకు సాయం. తీగలు నేను కలిపితే ల్యాండింగ్ లైటు స్విచ్చి నొక్కినప్పుడు తోక మీది బీకన్ వెలిగేది. "చత్వారమే" అనేవాణ్ణి. ఆమె ఊరుకునేది.

ఇంజనుకు తాళంచెవి స్విచ్చి ఒకటుంది. ఆఫ్, కుడి, ఎడమ, రెండూ, స్టార్ట్ అని అయిదు మెట్లు. ఇంజనుకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోలు రెండుంటాయి, ఒకటి చచ్చినా రెండోది ఇంజనును బతికిస్తుంది. ఎగిరేముందు ఒక్కొక్క మాగ్నెటో మీదా నడిపి చూసుకోవాలి. కళ్ళు ఇంజను వేగం చూపే గడియారం మీద ఉంటాయి గనక మెట్టు మెట్టుకీ వేలికి తెలియాలి. కోఠీలో దొరికినవేవీ నాకు నచ్చలేదు. గోనెసంచి అడుగున నల్లటి పాత ఫాను రెగ్యులేటరు దొరికింది. మా ఊళ్ళో ఇల్లు అమ్మేసినప్పుడు తెచ్చిన సామానులోది. విప్పితే పింగాణీ మీద చుట్టిన తీగా, సాలెగూళ్ళూ ఉన్నాయి. తీగ పీకేస్తే మిగిలింది మెట్లమెట్ల స్విచ్చే. తిప్పితే టక్కు, టక్కు, టక్కుమని తాళం వేసినట్టు పలుకుతుంది. ఆఖరి మెట్టుకు మేకు అడ్డం కొట్టి, పిడికి పాత సైకిలు తాళంచెవి అతికించాను.

ఇక మిగిలింది మాస్టర్ స్విచ్చికి రంగు. అది ఎర్రగా ఉంటుంది. రెండు పియానో స్విచ్చులు పక్కపక్కన అతికి, గేటుకు వేయగా మిగిలిన డబ్బాలు రెండుంటే అందులోంచి ఎర్రది తీసి, ఒక రాత్రి తీరిగ్గా రెండు పూతలు వేశాను.

పొద్దున్నే మా అమ్మాయి కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"నాన్నా, మాస్టర్ స్విచ్చికి ఆకుపచ్చ వేశావేం?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. ఫోనులో ఏదో వెతికి నా ముందు పెట్టింది. గుండ్రటి బొమ్మ, అందులో రంగురంగుల చుక్కలు.

"ఇందులో అంకె ఎంత?"

ఆ ప్రశ్న నన్ను అడిగి ముప్ఫై ఆరేళ్ళయింది. అప్పుడు చెప్పిన జవాబే చెప్పాను. "ఇరవై ఒకటి."

"డెబ్భై నాలుగు" అంది.

ఆ సెస్నాలో కూర్చున్న మరునాడే వైద్య పరీక్ష. డాక్టరు పుస్తకం మూసి, "ఎరుపూ ఆకుపచ్చా నీకు తేడా తెలియదు, బాబూ. విమానం ఎడమ రెక్కన ఎర్రదీపం, కుడి రెక్కన ఆకుపచ్చ దీపం ఉంటాయి. రాత్రి నీకెదురొచ్చేది ఎటు పోతోందో ఎలా చెబుతావు?" అన్నాడు. ఆయనన్నదాంట్లో తప్పులేదు. కాని ఊళ్ళో మా నాన్న రెండెకరాల్లో ఒక ఎకరానికి అప్పటికే బేరం కుదుర్చుకుని కూర్చున్నారు. ఆయన ఎలిమెంటరీ స్కూలు మేష్టారు. కళ్ళలో లోపముందని చెప్పడానికి నాకు సిగ్గేసింది. రేపు పిల్లనెవరిస్తారన్న భయం ఒకటి. "చాలా ఖర్చవుతుందట నాన్నా, ఒక ఎకరం చాలదట, వద్దులే" అన్నాను. ఆయన తల పంకించారు. ఆనాటినుంచి ఎవరొచ్చినా "మావాడు నాకోసం ఆగిపోయాడండీ, రెండో ఎకరం అమ్మడానికి నాకు ధైర్యం చాలలేదు" అని చెప్పేవారు. 2004లో పోయేదాకా చెప్పారు. నేను పక్కనే ఉండి విన్నాను.

మా అమ్మాయి అంతా విని, "ఇది ఆడపిల్లల ద్వారా దిగుతుంది. నాకు రంగులన్నీ తెలిసినా నాలో ఉన్నట్టే. రేపు నాకు కొడుకు పుడితే సగానికి సగం అవకాశం" అంది. తరవాత, "వాడికి చిన్నప్పుడే చెప్పేస్తాలే" అని గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఆవిడకు ఒక్కటే అనుమానం వచ్చింది. "అయితే పెళ్ళిచూపుల నాడు నేను కట్టుకున్న చీర ఏ రంగో మీకు తెలియదన్నమాట!"

"ఎందుకు తెలియదూ, చిలకపచ్చ" అన్నాను.

అది నారింజరంగుట. రెండు రోజులు మాటల్లేవు.

మా అమ్మకు చెప్పడమే కష్టమైంది. ఆవిడ కందిపప్పులో రాళ్ళేరుతూ విన్నది. "మా పెద్దన్నయ్యా అంతేరా" అంది. "పండుమిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ కలిపి తెచ్చేవాడు. ఒళ్ళు వంగదని మా నాన్న వాడి వీపు విమానం మోత మోగించేవాడు." అని కాసేపు ఊరుకుంది. తరవాత, చాటలోంచి తలెత్తకుండా, "ఆ ముక్క మీ నాన్నతో ఒక్కసారి అనవలసింది రా. ఆఖర్న మంచంలో కూడా ఆ ఎకరం సంగతే ఎత్తేవారు" అంది.

నేనేం చెప్పను?

మాస్టర్ స్విచ్చికి ఇప్పుడు ఎరుపే ఉంది. అది ఎరుపని నాకు మా అమ్మాయి చెప్పింది. తీగల చివర ఆమె ముళ్ళు వేసింది, ఒకటో తీగకు ఒక ముడి, రెండోదానికి రెండు. ఇక ఎవర్నీ అడగక్కర్లేదు.

మొన్న ఆదివారం మా అమ్మ గోడ పట్టుకుని స్టోరుగదిలోకి వచ్చి, ఆ సీట్లో కూర్చుంది. పలకంతా చేత్తో తడిమి రెగ్యులేటరు దగ్గర ఆగింది.

"ఇది మన వసారా ఫానుది కదూ?"

"అవునమ్మా."

టక్కు, టక్కు, టక్కుమని తిప్పింది. "మీ నాన్నకు మూడు మీద ఉంటేనే నిద్రపట్టేది" అంది.

మూడో మెట్టంటే మా విమానంలో రెండు మాగ్నెటోలూ కలిసి పనిచేసే చోటు. నాలుగోది స్టార్టు. వేలు తీయగానే అది తనంతట తాను మూడు మీదికి వచ్చెయ్యాలి. దానికి స్ప్రింగు ఇంకా కుదరలేదు. రీఫిల్ పెన్ను స్ప్రింగు బలం చాలడం లేదు, సైకిలు స్టాండుది పెడితే తాళంచెవి విరిగింది. వచ్చే గురువారం సెలవు పెట్టి జుమ్మేరాత్ బజారుకు వెళ్ళి చూడాలి.