రెండు వందల అడుగుల ఎత్తులో



మా అక్కయ్య కుమారుడు హెలికాప్టరు నడపడం నేర్చుకోవాలని అమెరికా వెళ్లాడు. 2023లో ఒక రాత్రి ఫోను చేసి, "మావయ్యా, అమ్మకు అప్పుడే చెప్పకు. మా హెలికాప్టరు పడిపోయింది" అన్నాడు. నా కాళ్లలో సత్తువ పోయింది. వాని మణికట్టు విరిగింది, నేర్పే మాస్టారి వెన్నుకు దెబ్బ తగిలింది. ప్రాణాలు మాత్రం దక్కాయి.

ఆ రోజు వారు చేస్తున్నది అత్యవసరంగా దిగే అభ్యాసం. ఇంజను ఆగినా హెలికాప్టరు రాయిలా పడిపోదట. చిన్నప్పుడు తాటాకు గిరక పట్టుకొని పరుగెత్తితే ఎదురుగాలికి తిరిగేది గదా! అలాగే కిందికి దిగుతుంటే, కింది నుండి వచ్చే గాలికి పైరెక్కలు తిరుగుతూనే ఉంటాయి. నేల దగ్గరకు వచ్చాక ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, రెక్కల్లో మిగిలిన ఆ ఊపుతోనే మెల్లగా దించాలి. దీనిని ఆటోరొటేషన్ అంటారు. 1972 జూన్ 21న ఫ్రాన్సులో ఝాన్ బూలే అనే పైలటు లామా హెలికాప్టరులో 12,442 మీటర్ల ఎత్తుకు వెళ్లాక ఇంజను ఆగిపోయింది. ఆయన అంత ఎత్తు నుండి ఈ విధంగానే క్షేమంగా దిగాడు. ఆ లామాయే మన దేశంలో చీతా పేరుతో తయారైంది.

అభ్యాసంలో ఇంజనును ఆపరు, శక్తి తగ్గిస్తారు. నేలను తాకకముందే మళ్లీ పెంచుతారు.

"మరి ఎక్కడ తప్పిందిరా?" అని అడిగాను. వాడు కొంతసేపు మాట్లాడలేదు.

"మలుపు తిరిగి వచ్చేసరికి వేగం తగ్గిపోయిందని నాకు తెలుసు మావయ్యా. కుదరడం లేదంటే చేతకానివాడు అనుకుంటారని ఊరుకున్నాను. నేనే సరిచేసుకుంటానని సారు చూశారు. ఆయన శక్తి పెంచేసరికి ఆలస్యమైపోయింది."

ఈ అభ్యాసం గురించి అమెరికా విమానయాన శాఖ 2013లో సూచనలు ఇచ్చింది. 200 అడుగుల ఎత్తుకు రాకముందే రెక్కల వేగం, ముందుకు పోయే వేగం, దిగే తీరు అన్నీ సరిగా ఉండాలి. ఒక్కటి తప్పినా అభ్యాసం ఆపి, శక్తి పెంచి, మళ్లీ పైకి వెళ్లాలి. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ మౌనంగా ఉన్నారు.

"అమ్మకు రేపు ఉదయం నీవే చెప్పు నాయనా" అన్నాను. చెప్పాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఆ గ్రూపులో చేర్చింది నేనే. కొన్ని నెలలుగా భోజనం దగ్గర కూడా ముభావంగా ఉంటోంది. నేను అడిగేది ఒక్కటే, "మార్కులెన్ని?" ఊళ్లో అందరి కష్టాలూ వినే నేను ఇంట్లో బిడ్డ మౌనాన్ని వినలేదు.

మరునాడు దగ్గర కూర్చోబెట్టుకొని, "కష్టంగా ఉందా తల్లీ?" అన్నాను. తల వంచుకొని, "లెక్కలు నా వల్ల కావడం లేదు నాన్నా. చెబితే మీ పరువు పోతుందనుకున్నాను" అంది. ఆ మాట నన్ను గుచ్చింది. గ్రూపు మార్చాము. ఒక సంవత్సరం పోయింది, బిడ్డ నవ్వు తిరిగి వచ్చింది.

చెయ్యి నయమయ్యాక మేనల్లుడు మళ్లీ ఎగిరాడు. "ఈరోజు రెండు వందల అడుగులకు ముందే ‘కుదరలేదు సార్’ అన్నాను మావయ్యా! పైకి వెళ్లి మళ్లీ దిగాము" అని సంతోషంగా చెప్పాడు.

తల్లిదండ్రులారా, కుదరడం లేదని మన పిల్లలు మనతో చెప్పగలుగుతున్నారా? నేలకు తగిలాక కాదు, ఇంకా ఎత్తు మిగిలి ఉండగానే అడుగుదాం.