మా పెరటి సాలెపురుగు

ఇల్లు మనము కట్టుకొందుము గాని, అందు మనతోపాటు కాపురముండు ప్రాణులను మనము పిలిచినవారము కాము. పిచ్చుక చూరులో గూడు పెట్టును. బల్లి గోడ నెక్కును. ఉడుత వాసముల వెంట పరుగిడును. వీనిని చూచి మనవారు మురియుదురు, లేదా ఊరకుందురు. సాలెపురుగు కంటబడినప్పుడు మాత్రము చీపురు వెదకుదురు. అయినను మన భాష దానిని చిన్నచూపు చూడలేదు. మగ్గముపై బట్ట నేయువాని పేరే దానికిని పెట్టి, సాలీడని పిలిచినది. సంస్కృతమున తంతువాయమను పేరును ఆ పనితనమును బట్టియే వచ్చినది. తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తి పేరులో మొదటిదగు 'శ్రీ' యను మాట సాలెపురుగునే చెప్పునని అచ్చటి స్థలపురాణము. ఇంత మర్యాద నందిన ప్రాణి మన పెరటికి వచ్చినప్పుడు దానితో నెట్లు మెలగవలెనో చెప్పుటకే ఈ వ్యాసము.

మా నివాసము తూర్పు కనుమల పాదమున, నర్సీపట్నమునకు సమీపమున నున్నది. ఇంటి వెనుక వరిచేలు, ఆవల కొండలు. 2023వ సంవత్సరము సెప్టెంబరు నెలలో వానలు తెరపి యిచ్చిన దినములలో, పెరటి వేపచెట్టునకును ప్రహరిగోడకును నడుమ పెద్ద గూడొకటి వెలసెను. అది ఇంచుమించు ఒక గజము వెడల్పు కలిగి, ఉదయపు టెండలో పసుపు పూసిన దారములవలె మెరయుచుండెను. నడుమకంటె కొంత పైగా, తల క్రిందుగా, ఒక సాలెపురుగు వ్రేలాడుచుండెను. దాని దేహమే మన బొటనవ్రేలంత యున్నది. కాళ్లు చాచినప్పుడు చూడగా పెద్దవారి అరచేయి చాలదని తోచెను. నల్లని దేహముపై పసుపు చారలు. నల్లని కాళ్ల కీళ్లయొద్ద పసుపు మచ్చలు. దానికి కొంచెము దూరమున కందిగింజంత పురుగులు రెండు మెల్లగా తిరుగుచుండెను. అవి దాని బిడ్డలని మా పిల్లలు తలంచిరి. కాని అవి మగపురుగులు. ఈ జాతిలో ఆడుది ఏనుగైన, మగది ఎలుక!

శాస్త్రజ్ఞులు దీనిని నెఫిలా పిలిపెస్ అని పిలుతురు. 1793లో ఫాబ్రీసియస్ అను పండితుడు దీనిని మొదట వర్ణించెను. మన దేశము మొదలుకొని చైనా, ఆగ్నేయాసియా దేశములు దాటి ఆస్ట్రేలియా వరకు ఇది కనబడుచున్నది. వానకారు ముగియునాటికి ఆడుపురుగులు నిండుగా నెదుగును. కావుననే మనవారి కంట అప్పుడే పడుచుండును.

దీనిని గూర్చి మా యింట పెద్ద పంచాయతి జరిగెను. గూడున్న చోటు బట్టలుతుకు రాతికి పోవు దారి. చీకటివేళ నెవ్వరైన నడచినయెడల ముఖమునకే తగులును. మా తల్లిగారు, "నాయనా, ఇంట పసిబిడ్డ యున్నది. సాలెపురుగు ఒంటిమీద పాకిన పొక్కులెక్కునని పెద్దలు చెప్పగా వినలేదా? దానిని సాగనంపుడు" అనిరి. పొరుగింటి బాబాయిగారు గోడపైనుండి తొంగిచూచి, కఱ్ఱకు కిరసనాయిలు గుడ్డ చుట్టి అంటించిన నిమిషములో పని తీరునని సెలవిచ్చిరి. మా తోటపని చేయు వృద్ధుడు మాత్రము తల యడ్డముగా నూపెను. అతడు కొండ దిగువ గ్రామమువాడు. "అయ్యగారూ, మా అడవి త్రోవల నిండ ఇవే కదండి. అది మన దారికి రాదండి, మనమే దాని దారికి పోవుదుము" అనెను.

ఆ మాట మాకు న్యాయముగ తోచెను. చంపుట నిమిషపు పనియే గాని, చంపిన పిమ్మట మరల బ్రదికించుట యెవ్వరి చేతను కాదు. కావున మొదట దారిని మార్చి చూతమని నిశ్చయించితిమి. గూటి కిరువైపుల రెండు వెదురు కఱ్ఱలు పాతి, వానికి ఎఱ్ఱని గుడ్డపేలిక కట్టితిమి. బట్టల త్రాడును పెరటి రెండవ ప్రక్కకు మార్చితిమి. అందువలన తడిబట్టల బుట్టను ఇరువది యడుగు లధికముగ మోయవలసి వచ్చెను. ఆ బుట్ట మోయుట మా పాలికి వచ్చెను. సాలెపురుగు పక్షము వహించినవారే దాని బరువును మోయవలెనని మా తల్లిగారి తీర్పు.

పిమ్మట దానిని గమనించుట పిల్లలకు నిత్యకృత్యమయ్యెను. గూటిపై దూదిపింజ వేసిన అది చలింపదు. ఈగ పడి రెక్కలు కొట్టుకొనినంతనే దిగివచ్చును. దానికి ఎనిమిది కన్నులున్నను చూపు మందము. దారముల కదలికనుబట్టియే అన్నియు తెలిసికొనును. సాలెపురుగులలో కొన్ని దినదినము గూటిని తినివేసి క్రొత్తది నేయును. ఇది యట్లు కాదు; చినిగిన భాగమును మాత్రమే తీసివేసి, అంతమేరకు మరల నేయును. పాత బట్టకు మాసిక వేయు పొదుపరి వంటిది. మిడుతలు, రెక్కపురుగులు, ఈగలు, బొద్దింకలు దాని వాతబడినవి. అప్పుడప్పుడు తేనెటీగయు పడెను. అది చూచి పిల్లలు నొచ్చుకొనిరి. గూటి అంచున వెండిచుక్కలవంటి చిట్టి సాలెపురుగులు కొన్ని చేరినవి. అవి తాము గూడు నేయక, దీని గూటిలో పడిన చిన్న పురుగులను దొంగిలించి బ్రదుకును. పెద్ద యింటిని ఆశ్రయించుకొని బ్రదుకువారు పురుగుల లోకమునను గలరు!

ఇట్లు మూడు వారములు గడచెను. ఒకనాటి యుదయము మా చిన్నపిల్ల ఏడ్చుచు లేచెను. దాని మెడపై వాత పెట్టినట్లు ఎఱ్ఱని చార. మరునాటికి ఆ చార వెంట చీము పొక్కులు. మోచేతి మడతలోను, మడతకు రెండు వైపుల ఒకే తీరున పొక్కులు లేచెను. మంటచేత పిల్ల రాత్రియంతయు నిద్రపోలేదు. మా తల్లిగారు కన్నీరు పెట్టుకొని మాటాడక కూర్చుండిరి. ఆ మౌనము ఏ నిందకంటెను బరువుగ నుండెను. బాబాయిగారు కిరసనాయిలు సీసాతోనే వచ్చిరి. "బిడ్డకంటె పురుగు ముఖ్యమా?" అని వారడిగిన ప్రశ్నకు తండ్రియైనవాడు వేరొక యుత్తర మియ్యజాలడు. బిడ్డయే ముఖ్యము. కాని బిడ్డ ముఖ్యము గనుకనే అసలు కారణము తెలియవలెను గదా! కారణము వేరైనచో సాలెపురుగును కాల్చినను బిడ్డకు రక్షణ లేదు. "సాయంకాలము వరకు ఆగుడు, బాబాయిగారూ; వైద్యుని మాట విని చేయుదము" అని వేడుకొంటిమి. వారు సీసాను గోడమీదనే పెట్టి పోయిరి.

వైద్యుడు పిల్లను చూచి, మొదట రెండు ప్రశ్న లడిగెను. రాత్రి దీపము క్రింద కిటికీ తెరచి పరుండినదా? ఇంటి చుట్టు వరిచేలున్నవా? రెంటికిని ఔనంటిమి. "ఇది సాలెపురుగు పని కాదు. ఈ వారములో ఇట్టివారిని అనేకులను చూచితిని" అని ఆయన వివరముగ చెప్పెను. నలుపును నారింజయు రంగులు పట్టీలుగ గల, చీమవలె సన్నని రెక్కపురుగొకటి కలదు. పొడవు ఒక సెంటీమీటరునకు లోపే. శాస్త్రజ్ఞులు దానిని పీడెరస్ అందురు. చెమ్మగల పొలములలో నివసించును. వానల తరువాత రాత్రివేళ దీపపు వెలుగునకు ఇండ్లలోనికి వచ్చును. అది కరవదు, కుట్టదు. నిద్రలో మెడపై ప్రాకినప్పుడు మనము చేతితో నలిపివేయుదుము. అప్పుడు దాని దేహములోని పెడెరిన్ అను విషము చర్మమునకు రాచుకొని, ఒకటి రెండు దినములలో పొక్కులు లేపును. చేయి రాచిన మేర చార యేర్పడును. మోచేయి ముడిచినచో రెండవ ప్రక్కకును అంటును. కంటి కంటినచో మరింత బాధాకరము.

ఇంటికి వచ్చి వీధిలో విచారింపగా, మరి రెండిండ్ల పిల్లలకును అట్టి పొక్కులే యున్నట్లు తెలిసెను. ఆ యిండ్లలో మా సాలెపురుగు వంటిది లేనే లేదు. పిల్ల పరుండిన మంచము క్రింద దీపము వెలుతురున వెదకగా, వైద్యుడు చెప్పిన రంగుల పురుగులు రెండు దొరికినవి. వానిని కాగితముపై నుంచి మా తల్లిగారికి చూపితిమి. వారు చాలసేపు చూచి, "ఇంత పురుగు చేసిన పనికి అంత పురుగు మాట పడినదా!" అనిరి. బాబాయిగారు తమ సీసాను తామే తీసికొని పోయిరి. పిల్లకు సబ్బునీటితో కడిగి, వైద్యుడిచ్చిన మందు పూయగా, రెండు వారములలో పొక్కులు మానెను. మచ్చ కొంతకాలము నిలిచి మాసిపోయెను. కిటికీలకు వల బిగించితిమి. పడకవేళ దీపము లార్పుట అలవాటు చేసితిమి. మీద పురుగు వ్రాలిన నలుపక ఊది త్రోయవలెననియు, వెంటనే ఆ చోటు కడుగవలెననియు పిల్లలకు నేర్పితిమి. ఇందొక వింత గలదు. ఆ చిన్న పురుగును పైరునకు శత్రువు కాదు. వరిని పీల్చు దోమలను తిని రైతునకు మేలే చేయును. పొలములో మిత్రుడు, పడకపై బాధకుడు. ప్రాణిని బట్టియే కాక, చోటును బట్టియు మంచిచెడ్డలు ఏర్పడుచుండును.

సాలెపురుగులలో విషము లేనివి బహు స్వల్పము; కాని ఆ విషము ఈగను చంపుటకే గాని మనలను చంపుటకు కాదు. 2022వ సంవత్సరము నాటికే లోకములో గుర్తింపబడిన జాతులు 50,000 దాటినవి. వానిలో మనుష్యునకు ప్రాణాపాయము చేయగలవి కొలదిమాత్రమే. ఆస్ట్రేలియాలో సిడ్నీ ప్రాంతమున నొక భయంకరమైన జాతి కలదు. దానికి 1981లో విరుగుడు మందు సిద్ధమయ్యెను. నాటినుండి ఆ కాటుచే మరణములు నమోదు కాలేదు. మా పెరటి జాతి, పట్టి నలిపిన తప్ప కరవదు. కరచినను కొంత నొప్పి, ఎఱుపు కలిగి తగ్గిపోవును.

దీని దారము మహిమ వేరు. మడగాస్కరు ద్వీపమున దీని బంధుజాతి సాలెపురుగులను పది లక్షలకు పైగా పట్టి, దారము తీసి, మరల విడిచిపెట్టి, ఆ దారముతో నేసిన బంగారువన్నె వస్త్రమును 2012లో లండను నగరమున విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉంచిరి. అద్దకము లేకయే ఆ వన్నె. పట్టుపురుగులవలె వీనిని ఒకచోట పెంచుట సాధ్యము కాదు, ఏలయన ఒకదాని నొకటి తినును. అందుచేతనే సాలెపట్టు మన అంగళ్లకు రాలేదు.

మన సీమయందే ఇంకొక మాణిక్యము కలదు. 1899లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు అనంతపురము జిల్లా గుత్తిలో దొరికిన ఒక పెద్ద సాలెపురుగును వర్ణించెను. దాని వన్నె నెమలికంఠమువంటి నీలము. పిమ్మట నూరేండ్లు దాటువరకు అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరుల నడుమ అడవిలో మరల కనబడెను. 2008లో దానిని మిక్కిలి అపాయస్థితిలో నున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. అడవి చెట్ల తొఱ్ఱలే దాని యిల్లు. చెట్టు కూలినచో దానికి వేరిల్లు లేదు. దేశదేశముల వినోదార్థులు దానిని ధనమిచ్చి కొని పెంచుచున్నారు. పుట్టిన అడవిలో మాత్రము దానికి నిలువ నీడ తరుగుచున్నది.

నవంబరు చివర నొక ఉదయమున మా సాలెపురుగు గూటిలో లేదు. వేపచెట్టు మొదట నేల కొంత త్రవ్వబడి, ఎండుటాకులతో కప్పబడి యుండెను. ఈ జాతి ఆడుది నేలలో చిన్న గుంట చేసి గ్రుడ్లు పెట్టునని చదివి యుంటిమి గనుక, ఆ చోట ఎవ్వరు త్రొక్కకుండ నాలుగిటుకలు పేర్చితిమి. అది మరల గూటికి వచ్చి కొలది దినములుండి, డిసెంబరులో కానరాకపోయెను. మరుసటి యేడు వానలు వెలిసిన పిమ్మట దడి వెంట అట్టి పసుపు గూళ్లు మూడు కనబడెను. ఎఱ్ఱ గుడ్డపేలికలు చింపి కట్టినవారు మా తల్లిగారు.

చదువరులారా, మీ యింటి దరిని పెద్ద సాలెపురుగు కాపురమున్నచో భయపడకుడు, పట్టుకొని ఆడుకొనకుడు. దారికి దూరమున నున్నచో ఉండనిండు. దారి కడ్డమైనచో, దారి మార్చుట సాధ్యమేమో మొదట చూడుడు. తప్పనిసరియైన, పొడవైన కఱ్ఱతో గూటి కట్టుదారములను మెల్లగా విడదీసి, పురుగుతో కూడ దూరపు పొదపై చేర్చుడు. అది మరల అచ్చటనే నేసికొనును. ఇంటిలోపల దూరిన చిన్నదానిని గిన్నెతో మూసి, అట్టముక్క అడుగున జొనిపి, బయట విడువుడు. ఎవరికైన పొక్కులెక్కిన, ఎదుట కనబడిన పురుగును నిందింపక, వైద్యునియొద్దకు పొండు. కనబడు పెద్దదానికంటె కనబడని చిన్నది హెచ్చు హాని చేయుట పలుమారులు కలదు. నిప్పు పెట్టుటకు నిమిషము చాలును. విచారించుటకు ఒక దినము కావలయును. ఆ దినము నిచ్చుట వలన మా యింట నష్టపడినవారు లేరు.