రజను లెక్క

"చేతులు దులపాకన్నా!"

తమ్ముడు అంత గట్టిగా అరుస్తాడనుకోలేదు. బల్ల కింద జోలెలా వేలాడుతున్న తోలులో ఏముందో చూద్దామని చెయ్యి పెట్టి తీశాను. అలవాటు కొద్దీ రెండు అరచేతులూ తట్టబోయాను, అంతే. వాడు నా మణికట్టు పట్టుకుని మళ్లీ ఆ తోలు మీదికే తీసుకుపోయి, మెత్తటి కుంచెతో వేలూ వేలూ విడదీసి దులిపాడు. పక్క బల్ల దగ్గరున్న మైస్టర్ గారు (వాడికి పని నేర్పే గురువు), అరవై దాటిన ఆవిడ, కళ్లకున్న భూతద్దం పైకి జరిపి నన్ను చూసి నవ్వింది. కొత్తగా వచ్చినవాళ్లందరూ చేసే పనే కాబోలు.

మ్యూనిక్‌లో హైడ్‌హౌజెన్ అనే పేట ఇది. రోజెన్‌హైమర్ ప్లాట్జ్ స్టేషన్‌లో దిగి కొంత దూరం నడిస్తే ఒక పాత ఇంటి కమాను వస్తుంది. దాని కింద నుంచి లోపలికి పోతే పెరడు, పెరట్లో సైకిళ్లు, చెత్త డబ్బాలు, వాటి వెనక పెద్ద కిటికీల గది. వీధి వైపు అద్దాల దుకాణం, పెరటి వైపు పని. మా ప్రొద్దుటూరు మెయిన్ బజారులోనూ ఇంతే కదా అనుకున్నాను. కాకపోతే అక్కడి వెనక సందుల్లో కుంపటి పొగా, రేడియో పాటా ఉండేవి. ఇక్కడ రంపం చప్పుడు తప్ప ఏమీ లేదు.

తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేసి, ఉన్నట్టుండి జర్మన్ నేర్చుకుని ఇక్కడ కంసాలి పనికి శిష్యరికం కుదుర్చుకున్నాడు. మూడున్నరేళ్లు. వారంలో కొన్ని రోజులు వృత్తి బడి, మిగతా రోజులు బల్ల దగ్గర. చివర పరీక్ష, స్వయంగా చేసి చూపించాల్సిన నగ ఒకటి. "మీ తాత సుత్తి పక్కన పడేసి మిమ్మల్ని చదివిస్తే, వీడు జర్మనీ పోయి మళ్లీ దాన్నే పట్టుకున్నాడు" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది. పట్టుకున్నది సుత్తి కాదు, రంపం. ఈ పనిశాలలో రేకు కోత వాడిది.

బల్ల ముందు అంచు అర్ధచంద్రంలా కోసి ఉంటుంది. పనివాడు ఆ వంపులోకి దూరి కూర్చుంటాడు. వంపు నడుమ నుంచి ఒక చెక్కముక్క ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. కోసినా, ఆకురాయి పట్టినా దాని మీద ఆనించే. తమ్ముడి బల్లకున్న చెక్క కొరికి వదిలేసిన చెరకు ముక్కలా ఉంది. "దీన్ని మార్చాల్నంటే మనసు రాదన్నా. ఏ గాటు దేనికో చేతికి తెలుసు" అన్నాడు.

రంపపు ఆకు చట్రంలో బిగించి వేలితో మీటాడు. తంబురా తీగలా సన్నగా మోగింది. మోగకపోతే వదులున్నట్టు, వదులుంటే గీత తప్పుతుంది. పళ్లు కిందికి చూస్తుంటాయి. కిందికి లాగినప్పుడే తెగుతుంది, పైకి పోయేటప్పుడు ఊరికే పోతుంది. ఆకుకు కాస్త తేనెమైనం రాశాడు. ఆ రోజు కోస్తున్నది మిల్లీమీటరు మందం ఉన్న 750 బంగారు రేకు, అంటే వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారం. దాని మీద అంటించిన కాగితంలో తీగలూ ఆకులూ అల్లుకున్న బొమ్మ. లోపలి ఖాళీ ఒక్కోదానికీ సన్నని బెజ్జం తొలిచి, రంపపు ఆకు ఒక కొస విప్పి, బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగించి, మీటి చూసి అప్పుడు కోయాలి. అలా ఇరవై పైన ఖాళీలు.

గీత మీద కోయడు, గీత పక్కన కోస్తాడు. వెంట్రుకవాసి గీత మిగలాలి, దాన్ని ఆకురాయికి వదిలిపెట్టాలి. మూల వచ్చిందంటే రంపం ముందుకు తోయకుండా ఉన్నచోటే పైకీ కిందికీ ఆడిస్తూ రేకును మెల్లగా తిప్పుతాడు. "తిప్పాల్సింది రంపాన్ని కాదన్నా, బంగారాన్ని." ఈ ఒక్కమాట ఒంటబట్టడానికి రాగి మీదా ఇత్తడి మీదా రెండు నెలలు గీతలు కోయించారట. అప్పట్లో రోజుకో డజను ఆకులు విరిగేవట. నాకూ ఒక ఇత్తడి రేకు ఇచ్చారు. అయిదు నిమిషాల్లో మూడు విరిచాను. మూడోదాని కొస నా బొటనవేల్లో దిగింది. మైస్టర్ గారు ప్లాస్టరు తెచ్చి ఇచ్చింది కానీ, ముందు విరిగిన ఉక్కు ముక్క కోసం తోలులో అయస్కాంతం ఆడించింది. ఉక్కు కలిసిన రజను కరిగిస్తే బంగారం చెడుతుంది.

రజను. తాత నోట తప్ప ఈ మాట నేనెక్కడా విని చాలా ఏళ్లయింది. తమ్ముడు మామూలుగా అనేశాడు. జర్మన్‌లో దానికి వేరే పేరుంది, కానీ వాడి నోటికి ఇదే వస్తుందట. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. వాడు వాడే నాలుగు సున్నాల ఆకు మందం సుమారు 0.22 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు రేకులో పది సెంటీమీటర్లు కోస్తే 22 ఘన మిల్లీమీటర్ల బంగారం పొడైపోతుంది. 750 బంగారం ఘన మిల్లీమీటరుకు పదిహేనున్నర మిల్లీగ్రాములు తూగుతుంది. అంటే గ్రాములో మూడో వంతు. ఈ బొమ్మ మొత్తం కోత అరవై సెంటీమీటర్లు, అంటే రెండు గ్రాములు. పావు కాసు బంగారం తోలులో పడుతుంది!

అందుకే పొద్దున రేకు తూచి ఇస్తారు, సాయంత్రం అన్నీ తూచి తీసుకుంటారు. కోసిన నగ, లోపలి నుంచి రాలిన ముక్కలు, రజను, మూడూ వేరు వేరుగా. 585 రజను ఒక డబ్బా, 750 ఒకటి, ప్లాటినం ఒకటి. ఒకదాంట్లో ఒకటి కలిసిందా, నేరుగా కరిగించి మళ్లీ వాడుకోడానికి పనికిరాదు, శుద్ధికి పంపాల్సిందే. నేల ఊడ్చిన దుమ్ము, అరిగిన గరుకు కాగితాలు, మెరుగు పెట్టే గుడ్డలు ఇంకో డబ్బాలోకి పోతాయి. చేతులు కడిగిన నీళ్లు తొట్టి కింద ఉన్న ఇంకో తొట్టిలో తేరుకుంటాయి. అదంతా కలిపి ఏడాదికోసారి శుద్ధి కర్మాగారానికి పోతుంది. అక్కడ కాల్చి, కరిగించి, ఎంత బంగారముందో తేల్చి లెక్క పంపిస్తారు.

మా ఇంట్లోనూ ఇదే జరిగేది, పేర్లే వేరు. తాత కుంపటి చుట్టూ ఊడ్చిన మన్నూ బూడిదా అవ్వ ఒక కుండలో పోసి మూలన పెట్టేది. జలగడుగువాళ్లు వచ్చి ఆ మట్టి బేరమాడి కొనుక్కుని, కడుక్కుని బంగారం తీసుకునేవాళ్లు. చేతులు కడిగే నీళ్లు కూడా అవ్వ వీధిలో పోయనిచ్చేది కాదు.

మైస్టర్ గారికి మన నగల బిల్లులో తరుగు అని ఒక శాతం ఉంటుందని చెబితే నమ్మలేదు. ఇక్కడ నగకు ఒక్కటే ధర. "పొడైన బంగారం మళ్లీ పనిశాలకే వస్తుంది కదా, కొనేవాళ్లకు దాంతో ఏం పని?" అని తమ్ముడి చేత అడిగించింది. నా దగ్గర జవాబు ఉంది, చెప్పడానికి కాస్త సిగ్గేసింది. మన దగ్గర తరతరాలుగా బంగారం కొనేవాళ్లది, కంసాలిది కూలి మాత్రమే. పాత గాజులు తెచ్చి ఇచ్చి, అవి మూసలో కరిగి, కొత్త గొలుసై చేతికొచ్చేదాకా ఇంటి పెద్దామె కుంపటి ఎదురుగా కదలకుండా కూర్చునేది. తల్లి ముక్కుపుడక చేసినా ఇంత కాజేయక మానడని మన ఊళ్లలో కంసాలి మీద సామెత. తాత దాన్ని నవ్వుతూనే వినేవాడు. ఇక్కడ బంగారం పనిశాలది కాబట్టి అనుమానం కొనేవాళ్ల కళ్లలో ఉండదు, పొద్దుటి చీటీకీ సాయంత్రం చీటీకీ మధ్య ఉంటుంది. ఆ చీటీ మైస్టర్ గారి బల్లకూ ఉంది. చూపించింది.

ఆవిడ గల్లా తెరిచి పెళ్లి ఉంగరాల జత ఒకటి నా చేతిలో పెట్టింది. లోపలి వైపు 585 అని ముద్ర. జర్మన్లు పెళ్లి ఉంగరం కుడిచేతికి పెట్టుకుంటారు, జీవితాంతం తీయరు. మెత్తటి బంగారమైతే అరిగిపోతుంది కాబట్టి ఎక్కువమంది అడిగేది ఇదే. 333 కూడా బంగారం పేరుతోనే అమ్ముడుపోతుంది. ముద్ర కొట్టించుకోడానికి ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి పోనక్కర్లేదు. 1884 నాటి చట్టం, 1888లో అమలుకొచ్చింది. ముద్ర కొట్టినవాడే పూచీ. మనకేమో 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగకు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య లేందే అమ్మకూడదు.

585 అంటే పద్నాలుగు క్యారెట్లు. ఆ ఉంగరాలు నా చేతిలో ఉండగానే తాత గొంతు వినబడింది. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చాడు. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదు. పదహారు వన్నెలు మేలిమి అనుకునే తాత లెక్కలో అది తొమ్మిదీ చిల్లర వన్నెలు. పాలిపోయిన పసుపు, సుత్తి మాట వినని గట్టిదనం. ఆ బంగారంతో తాళిబొట్టు ఎవరు చేయించుకుంటారు? దేశమంతటా కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తాత ఒక కిరాణా కొట్టులో పద్దులు రాశాడు. 1966లో క్యారెట్ల నిబంధన ఎత్తేశారు, నియంత్రణ చట్టం మాత్రం 1990 దాకా నడిచింది. ఆయన చనిపోయేదాకా పద్నాలుగు అంకె పలికేవాడు కాదు, పదమూడూ ఒకటీ అనేవాడు.

ఆ పద్నాలుగే ఇక్కడ పెళ్లి ఉంగరం. బంగారం ధర చూసి మన దేశంలోనూ 2025లో తొమ్మిది క్యారెట్లకు హాల్‌మార్క్ ఇవ్వడం మొదలుపెట్టారని చెబితే తమ్ముడు రంపం ఆపాడు. "తాత ఉంటే ఏమనేవాడో" అన్నాడు. నాకు తెలుసు. పదమూడూ ఒకటీ అన్నాయన తొమ్మిదికి నోరు కూడా తెరిచేవాడు కాదు.

శుక్రవారం పని మధ్యాహ్నంతో సరి. ఇద్దరం రాజప్రాసాదంలోని నగల ఖజానాకు పోయాం. ఐరోపా కిరీటాలన్నీ చూసుకుంటూ పోతూ నేను ఆగిపోయింది ఒక దంతపు పేటిక దగ్గర. శ్రీలంకలోని కోట్టె రాజ్యం నుంచి 16వ శతాబ్దంలో వచ్చింది. ఏనుగు దంతం మీద బంగారు కట్టు, కెంపులు, నీలాలు. ఆ పొదుగుడు చూస్తే పరాయిదనిపించదు. భువనేకబాహు రాజు తన మనవడు ధర్మపాలుడికి బదులు అతని బంగారు ప్రతిమను లిస్బన్‌కు పంపించాడు. పోర్చుగల్ రాజు 1543లో ఆ బొమ్మకే కిరీటం పెట్టాడు. ఆ దృశ్యమే పేటిక మీద చెక్కి ఉంది. యాగంలో సీతకు బదులు బంగారు సీతను కూర్చోబెట్టిన కథ తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

ఈ ప్రాసాదపు విటెల్స్‌బాఖ్ రాజవంశం దగ్గరే 1722 నుంచి ఒక నీలి వజ్రం ఉండేది. విటెల్స్‌బాఖ్ వజ్రం. మన పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది, వజ్రం ఈ ఊళ్లో లేదు. 2008లో లండన్ వేలంలో 1.64 కోట్ల పౌండ్లకు కొన్నాయన దాన్ని మళ్లీ సాన పట్టించాడు. 35.56 క్యారెట్లు 31.06 అయింది. (ఈ క్యారెట్ బరువుది, ఆ క్యారెట్ వన్నెది, పేరొక్కటే.) చరిత్ర చెరిపేశారని చాలామంది మొత్తుకున్నారు. తమ్ముడు మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టి, "నాలుగున్నర క్యారెట్ల తరుగా!" అన్నాడు. బంగారం పొడి మళ్లీ కరుగుతుంది, వజ్రం పొడికి ఆ యోగం లేదు.

బయటికొచ్చాక తమ్ముడు ఇంకో నగ సంగతి చెప్పాడు. మ్యూనిక్ లలితకళల అకాడమీలో 1991 నుంచి 2014 దాకా నగల తరగతి నడిపిన ఓటో క్యూన్‌ట్స్‌లి 1980లో ఒక కడియం చేశాడు. నల్ల రబ్బరు గొట్టం, లోపల ఎక్కడో ఒక బంగారు గుండు. బయటికి ఉబ్బు తప్ప ఏమీ కనబడదు. లోపల ఉన్నది బంగారమా కాదా చూడాలంటే గొట్టం కోయాలి, కోస్తే కడియం పోయినట్టే. తమ్ముడు ఫోన్లో ఆ బొమ్మ చూపించినప్పుడు నేను ఆ కుంపటి ఎదురుగా కూర్చున్న పెద్దామెను తలచుకున్నాను. ఆమె చేతిలో ఇది పెడితే కత్తిపీట కోసం వెతికేది.

రాత్రి హోటల్ గదిలో బొటనవేలి ప్లాస్టరు మారుద్దామని ఊడదీస్తే, దాని జిగురు అంచుకు పసుపు మెరుపు ఒకటి అంటుకుని కనబడింది. ఆవగింజలో పదో వంతు ఉండదు. నేను కోసింది ఇత్తడి, కానీ చెయ్యి పెట్టింది తమ్ముడి తోలులో. ప్లాస్టరు అలాగే కాగితంలో మడిచి వాడికి ఫోన్ చేశాను.

"పారేయాకు, రేపు తెచ్చియ్" అన్నాడు. ఒక్క క్షణం ఆగి అడిగాడు: "585నా, 750నా?"